మొక్కుబడి వెనుక మనసు



పిల్లవాడి ఒళ్లు కాలిపోతూంటే ఏం చేస్తాం? థర్మామీటరు పెట్టి చూస్తాం. ఆ వెంటనే పసుపుగుడ్డలో రూపాయిబిళ్ల ముడుపు కట్టి దేవుడి పటం దగ్గర పెడతాం. నాలుగక్షరాలు చదువుకున్న నేనూ అంతే చేశాను. ఎందుకంటారు?

సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడి కథ మీలో చాలామంది వినే ఉంటారు. 1813లో జంటనగరాల్లో కలరా చెలరేగిందట. సైన్యంలో డోలీ మోసే సూరిటి అప్పయ్య అప్పుడు ఉజ్జయినిలో ఉన్నాడు. తనవాళ్లను చల్లగా చూస్తే ఊళ్లో నిన్ను నిలుపుకుంటానని అమ్మవారికి మొక్కుకున్నాడట. జబ్బు తగ్గాక, 1815లో కొయ్యవిగ్రహం తెచ్చి ప్రతిష్ఠించాడని చెప్పుకుంటారు.

అప్పయ్య స్థితి ఊహించండి. అయినవాళ్లేమో వందల మైళ్ల దూరాన! కలరా నీళ్లవల్ల వ్యాపిస్తుందని లండనులో జాన్ స్నో అనే డాక్టరు చూపించింది 1854లో. అంతకు నలభయ్యేళ్ల ముందు ఆ మనిషి చేతిలో ఏముంది? ఏమీ లేనప్పుడు కూడా మనసు ఊరుకోదు. ఏదో ఒకటి చెయ్యమంటుంది. ఆ చేసేదే మొక్కు.

మాలినోవ్‌స్కీ అనే పండితుడు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉన్నాడు. అక్కడి జాలర్లు ఒడ్డున ఉన్న లోతులేని నీళ్లలో చేపలు పట్టేటప్పుడు మంత్రతంత్రాల జోలికి పోరట. ప్రాణభయం ఉన్న నడిసముద్రానికి పోయేముందు మాత్రం తంతులన్నీ తప్పకుండా జరుపుతారట. 1925లో ఆయన ఈ సంగతి రాశాడు. చూశారా, భయం ఎక్కడుంటే మొక్కు అక్కడే!

అయితే ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. మశూచికి టీకా మన దేశానికి 1802లోనే వచ్చింది. కాని టీకా వేయిస్తే అమ్మవారికి కోపమొస్తుందని పిల్లల్ని దాచిన తల్లులున్నారు. ఆ భయానికి ఎన్ని పసిప్రాణాలు బలయ్యాయో! అదే ఇళ్లలో గుమ్మానికి వేపమండలు కట్టి, పైవాళ్లను లోపలికి రానివ్వని ఆచారం మాత్రం నలుగురికీ మేలే చేసింది. మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975 మేలో కనిపించింది. 1980లో ప్రపంచమంతటా ఆ జబ్బు పోయిందని ప్రకటించారు.

జబ్బు పోయినా ఆషాఢంలో బోనం మానలేదు మనం. భయం తీరాక కృతజ్ఞత మిగిలింది, ఆడపడుచులు పుట్టింటికొచ్చే సంబరం మిగిలింది. అది మంచిదే.

కనుక ముడుపు కట్టుకోండమ్మా, మనసుకు ధైర్యం. కాని ఆ చేత్తోనే బిడ్డనెత్తుకుని టీకాకీ వెళ్లండి. మొక్కు తల్లికి ఊరట, టీకా బిడ్డకు రక్ష.