అంకెకు పేరు: యూనిక్స్ చరిత్రలో ఒక పాఠము

కంప్యూటరులోని మెమరీ పరిమితమైనది. దానిని ప్రోగ్రాములకు పంచి ఇచ్చునది ఆపరేటింగ్ సిస్టము. అందు యంత్రముతో నేరుగా వ్యవహరించు గర్భభాగమును కెర్నల్ అందురు. ఒకేసారి ఎన్ని ప్రోగ్రాములు నడువవచ్చును? ఎన్ని ఫైళ్లు తెరువవచ్చును? ఫైలు పేరులో ఎన్ని అక్షరములుండవచ్చును? వీటికి కెర్నల్ హద్దులు విధింపవలసియుండును.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు రూపొందించిన యూనిక్స్ యొక్క ఆరవ కూర్పు 1975లో వెలువడెను. అది పీడీపీ-11 అను చిన్న యంత్రముపై నడిచెను. అందలి హద్దులలో పెక్కింటిని 'పారామ్' అను ఒక్క ఫైలులో పేర్లతో వ్రాసియుంచిరి. ఒకేసారి నడువదగు ప్రోగ్రాముల సంఖ్యకు పేరు ఎన్‌ప్రాక్, విలువ 50. డిస్కు సమాచారమును తాత్కాలికముగ నిలుపు బఫర్ల సంఖ్యకు ఎన్‌బఫ్, విలువ 15. ఒక్కొక్క ప్రోగ్రాము తెరువదగు ఫైళ్ల సంఖ్యకు ఎన్‌ఓఫైల్. దాని విలువయు 15 యే.

ఈ రెండింటిని పేర్లు లేక ఉత్త 15 అని వ్రాసియున్నచో ఏమగును? బఫర్లను 30 చేయగోరువాడు కెర్నల్ అంతటను 15 లను వెదకి, ఏది దేనిదో ఊహింపవలెను. ఊహ తప్పినచో కెర్నల్ తనకు కేటాయించిన చోటు దాటి వ్రాయును, యంత్రమే నిలిచిపోవచ్చును. పేరున్నచో ఒక్క పంక్తిని మార్చి, కెర్నల్‌ను మరల కంపైలు చేసిన చాలును.

అయితే పేరు పెట్టినంతనే పని ముగియదు. ఫైలు పేరు హద్దు డిర్‌సిజ్, విలువ 14. డైరెక్టరీలోని ప్రతి పద్దునందు ఫైలు సంఖ్యకు 2 బైట్లు, పేరునకు 14, వెరసి 16. కెర్నల్ వెలుపలి ప్రోగ్రాములు కొన్ని డైరెక్టరీని తామే తెరచి, పదునారేసి బైట్లుగా చదువుచుండెను. 1983లో బర్క్‌లీవారి 4.2 కూర్పు పేర్లను 255 అక్షరముల వరకు పెంచి, పద్దుల పొడవు మారునట్లు చేసెను. అంతట ఆ ప్రోగ్రాములను దిద్దవలసివచ్చెను. ఇకపై డైరెక్టరీని చదువుటకు ప్రత్యేక ఫంక్షన్లను బర్క్‌లీవారు సమకూర్చిరి.

1988 నాటి పోసిక్స్ ప్రమాణము మరియొక మెట్టెక్కెను. ప్రోగ్రాము నడుచుచుండగనే 'ఇచ్చట పేరు హద్దు ఎంత?' అని సిస్టమునే అడుగుటకు అందు వీలు కలిగెను. 14 మాత్రము అంతరింపలేదు. ప్రతి సిస్టమును కనీసము 14 బైట్ల పేరునైనను అంగీకరింపవలెనని ఆ ప్రమాణము నిర్ణయించెను. ఒకనాటి గరిష్ఠము పిమ్మట కనిష్ఠమైనది!

విద్యార్థులు తమ ప్రోగ్రాములలో ఒక సంఖ్యను వ్రాయునపుడు, అది దేని హద్దో తెలుపు పేరు నొకచోట పెట్టి, అంతటను ఆ పేరునే వాడుట మేలు.