చిట్టెలుకల వృషణాల కాంతి చిత్రణ

ఒక మందో రసాయనమో మగ ప్రాణి సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తుందేమో ప్రయోగశాల చిట్టెలుకను కోయకుండా, దాని వృషణాల నుంచి వచ్చే కాంతిని కొలిచి తెలుసుకునే పద్ధతి ఇది.

కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసే కార్మికుల్లో సంతానలేమి 1977లో బయటపడింది. ఆ రసాయనం ఎలుకల వృషణాలను కుంగదీస్తుందని 1961లోనే ప్రచురించారు. ఆ హెచ్చరికను పట్టించుకోకపోవడం పెద్ద తప్పు.

ఇలాంటి హానిని ముందే పట్టుకోవడానికి వాడుకలో ఉన్న పరీక్షలకు పరిమితులున్నాయి. మగదాన్ని ఆడదానితో జతకట్టించి పిల్లలను లెక్కించే పరీక్ష చిన్న హానిని పట్టుకోలేదు. చిట్టెలుకలో శుక్రకణాలు అవసరానికి మించి తయారవుతాయి, బాగా తగ్గిపోయినా పిల్లలు పుడుతూనే ఉంటాయి. మనిషికి ఆ వెసులుబాటు తక్కువ. ఇక వృషణాన్ని కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ ఒక్క రోజు స్థితే తెలుస్తుంది, ఆ జంతువు మళ్లీ కోలుకునేదో లేదో తెలియదు.

కాంతి చిత్రణకు మిణుగురు పురుగులో వెలుగుకు కారణమైన లూసిఫెరేజ్ జన్యువును వాడతారు. శుక్రకణం రూపుదిద్దుకునే చివరి దశలో పనిచేసే ప్రొటమిన్ వంటి జన్యువు నియంత్రణ భాగాన్ని దానికి జోడిస్తే, ఆ దశకు చేరిన కణాలే వెలుగుతాయి. చిట్టెలుకకు ఆ వెలుగుకు కావలసిన లూసిఫెరిన్ అనే పదార్థాన్ని ఎక్కించి, మత్తులో ఉంచి, చీకటి పెట్టెలో అతిశీతల కెమెరాతో ఫొటో తీస్తారు. వృషణాలు చర్మానికి దగ్గరగా ఉండటం ఇక్కడ కలిసొచ్చింది. మోతాదు ఇచ్చిన కొద్ది రోజులకే వెలుగు తగ్గితే ఎదిగిన కణాలకు హాని జరిగినట్టు, వారాల తరువాత తగ్గితే శుక్రకణాలకు మూలమైన మూలకణాలకు దెబ్బ తగిలినట్టు అనుమానించాలి. కేన్సర్ మందు బుసల్ఫాన్ రెండో కోవలోది. అదే జంతువును వారం వారం చూడవచ్చు కాబట్టి తక్కువ ప్రాణులతో పని జరుగుతుంది. నా దృష్టిలో ఇదే దీని అసలు విలువ.

ఇలాంటి జన్యుమార్పిడి చిట్టెలుకలను తయారుచేసే దారిని సులువు చేసిన కృషి ఢిల్లీలో జరిగింది. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీలో సుబీర్ మజుందార్ బృందం, అండంలోకి డీఎన్ఏ ఎక్కించే కష్టమైన పద్ధతికి బదులు, నేరుగా వృషణంలోకి డీఎన్ఏ పంపి విద్యుత్ పల్స్‌లతో మూలకణాల్లో చేర్చింది. 2008లో 'నేచర్ మెథడ్స్' పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది. మజుందార్ తరువాత హైదరాబాద్‌లోని జాతీయ జంతు జీవసాంకేతిక సంస్థకు డైరెక్టర్‌గా పనిచేశారు.

అయితే కాంతి చిత్రణలో వెలుగు ఉన్నంత మాత్రాన శుక్రకణం ఈదగలదని, అండాన్ని ఫలదీకరించగలదని అర్థం కాదు. డీఎన్ఏ లోపాలూ ఇందులో కనిపించవు. చిట్టెలుకలో శుక్రకణం తయారీకి సుమారు 35 రోజులు పడితే మనిషిలో 70 రోజుల పైమాటే. అందువల్ల జంతువులో చూసిన కాలక్రమాన్ని మనిషికి యథాతథంగా వర్తింపజేయకూడదు.