నిఘా దృశ్యాలలో అసాధారణ ప్రవర్తన గుర్తింపు

నిఘా కెమెరా పంపే దృశ్యాలలో మామూలుకు భిన్నమైన మానవ ప్రవర్తనను కంప్యూటర్ తానే పసిగట్టే విధానమిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, ఒకేసారి 100 మంది చేరే అవకాశమున్న సంస్థలు కెమెరాలు అమర్చుకోవాలనీ, ఆ దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలనీ నిర్దేశించింది. కెమెరాలు పెరిగినంతగా వాటిని చూసే కళ్ళు పెరగవు. ఆ లోటు తీర్చడానికే ఈ విద్య.

దొంగతనం ఎలా ఉంటుందో యంత్రానికి ముందుగా నేర్పడం కష్టం. అరుదైన ఘటనలకు నమూనాలు చాలవు. అందువల్ల మామూలు దృశ్యాలనే గంటల తరబడి చూపుతారు. ఆ చోట జనం ఏ దిక్కుగా, ఎంత వేగంతో కదులుతారో అది గ్రహిస్తుంది. ఆపైన ప్రతి కొత్త దృశ్యాన్నీ తాను నేర్చినదాని ఆధారంగా తిరిగి చిత్రించబోతుంది. చిత్రించినదానికీ అసలుకూ మధ్య తేడా హద్దు మీరితే హెచ్చరిస్తుంది. నేరమంటే ఏమిటో దానికి తెలియదు. తాను మునుపు చూడనిది మాత్రమే తెలుసు.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు కాలిబాటలపై చిత్రించి 2010లో వెలువరించిన దృశ్యాల సంపుటి ఈ రంగంలో సుప్రసిద్ధం. నేర్పే భాగంలో ఉన్నది నడిచే మనుషులే. పరీక్షించే భాగంలో సైకిళ్ళు, చిన్న బండ్లు, పచ్చికపై నడిచేవారు అసాధారణం కింద లెక్క. చక్రాల కుర్చీలో సాగిపోయేవారు సైతం ఆ పద్దులోనే చేరారు! నడవలేని మనిషి దారిన పోవడం ఏ న్యాయాన అనుమానాస్పదమవుతుంది?

సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు 2018లో వేరే మార్గం పట్టారు. 1,900 వీడియోలు, 128 గంటల నిడివి. దోపిడీ, గృహదహనం, కొట్లాట, రోడ్డు ప్రమాదం వంటి 13 రకాల ఘటనలు. నేర్పేటప్పుడు ఘటన జరిగిన క్షణం చూపరు, వీడియోలో అది ఉన్నదో లేదో మాత్రమే తెలుపుతారు.

పొరపాట్ల లెక్క చిన్నది కాదు. సెకనుకు 25 చిత్రాల చొప్పున ఒక కెమెరా రోజుకు 21,60,000 చిత్రాలు తీస్తుంది. వేయింటికి ఒకటి తప్పినా 2,160 తప్పుడు గుర్తింపులు. పైగా మామూలు రోజులతో నేర్చిన యంత్రం సంతనాటి రద్దీని, జాతరలో చిందులను కూడా వింతగానే ఎంచవచ్చు. హద్దు తగ్గిస్తే అమాయకులపై హెచ్చరికలు పెరుగుతాయి, పెంచితే నిజమైన ప్రమాదం జారిపోతుంది. ఆ హద్దును నిర్ణయించేది మనిషే. హెచ్చరిక వచ్చాక అక్కడికి ఎవరిని పంపాలో, ఎవరినీ పంపనక్కరలేదో తేల్చవలసినదీ నియంత్రణ గదిలో కూర్చున్న మనిషే.