గడ్డను చదివిన చరిత్ర: అందులో మన గూడెం ఎక్కడ?



మాచర్ల వైపు తండాలో గానీ, నల్లమల అంచున చెంచు గూడెంలో గానీ మెడ పక్కన బిళ్ల కడితే మనవాళ్లు ముందు అనుకునేది టీబీ అని. చాలాసార్లు అది నిజమే. కొన్నిసార్లు మాత్రం అది లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్. దాన్ని జన్యువులతో చదవడం ఎలా మొదలైందో ఇవాళ చెప్పుకుందాం.

'డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్' అనే లింఫోమా మైక్రోస్కోపు కింద అందరిలో దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అవే మందులు ఇచ్చినా కొందరు బతుకుతారు, కొందరు పోతారు. ఎందుకు? డాక్టర్లకు చాలా ఏళ్లు జవాబు దొరకలేదు.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే జన్యువులుంటాయి. ఏవి పని చేస్తున్నాయి, ఏవి ఊరుకున్నాయి అన్న దగ్గరే తేడా. 2000లో అమెరికాలో ఆష్ అలిజాదే, లూయిస్ స్టాడ్‌ల బృందం గడ్డల్లోని వేల జన్యువుల పనిని ఒకే చిప్ మీద కొలిచింది. ఒకటే అనుకున్న జబ్బు రెండుగా విడిపోయింది. 2002లో రోజెన్‌వాల్డ్ బృందం 240 మంది రోగుల గడ్డలు చూసింది. ఐదేళ్లు బతికినవాళ్లు ఒక రకంలో 60 శాతం, మొండి రకంలో 35 శాతం. 2004లో వచ్చిన హాన్స్ పద్ధతి చిప్ లేకుండానే, మూడు ప్రోటీన్లకు రంగు పట్టించి రకం అంచనా వేసే దారి చూపింది.

ఇక్కడ మేము చెప్పదలచినవి రెండు మాటలు. ఆ శాతాలు తలరాత కాదు. అవి అప్పటి కీమో మందుల నాటి లెక్కలు. తర్వాత రిటుక్సిమాబ్ కలిశాక రెండు రకాల్లోనూ బతికేవాళ్లు పెరిగారు, తేడా మాత్రం పూర్తిగా పోలేదు.

రెండోది, ఆ 240 గడ్డలు పశ్చిమ దేశాల ఆసుపత్రులవి. మన రక్తం ఎవరూ చదవలేదా? చదివారు. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్న బృందం భారత జనాభా చరిత్ర కోసం 25 సమూహాల డీఎన్ఏ చూస్తే, వాటిలో చెంచులున్నారు. మనం ఎక్కణ్ణుంచి వచ్చామో చెప్పడానికి మన రక్తం పనికొచ్చింది. మన జబ్బు ఎటు పోతుందో చెప్పే లెక్కలోనూ మనం ఉండాలి. అయితే అడిగి, అర్థమయ్యేలా చెప్పి, మనం ఒప్పుకున్నాకే.

ఆ లెక్కకైనా, మన వైద్యానికైనా మొదటి మెట్టు బయాప్సీ. టీబీ మందులు వాడుతున్నా బిళ్ల తగ్గకపోతే, నెలలు గడవనివ్వకుండా బయాప్సీ గురించి డాక్టర్ని అడగండి. "ముక్క తీస్తే జబ్బు పాకుద్ది" అని భయపడే మన అవ్వాతాతల దగ్గర కూర్చుని నచ్చజెప్పాల్సింది చదువుకున్న మనమే.