మండే చమురు పొరపై సైస్మిక్ నిఘా

చిక్కటి ముడిచమురును పైకి తీయడానికి భూగర్భంలోని పొరను వేడి చేసినప్పుడు, ఆ వేడి ఎంతదూరం పాకిందో, ఏ దిక్కుకు మళ్లిందో నేలమీద నుంచే కంపన తరంగాలతో కనిపెట్టే పద్ధతి ఇది. ఒకే చోట మళ్లీ మళ్లీ సర్వే చేసి తేడాలు చూస్తారు కనుక దీనికి ఫోర్‌-డీ సైస్మిక్ అని పేరు, నాలుగోది కాలం. మన దేశంలో చెప్పుకోదగ్గ ఉదాహరణ గుజరాత్‌లోని మెహసానా దగ్గరి బాలోల్ క్షేత్రం. అక్కడి తరంగాలను చదివిన వాళ్లలో హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఉన్నారు.

చలికాలం పొద్దున్నే ఆముదం సీసా వంచితే నూనె తీగలా సాగుతూ దిగుతుంది. కాస్త వెచ్చబెడితే గబగబా జారుతుంది. బాలోల్‌లో సుమారు 1,000 మీటర్ల లోతున ఇసుకరాతిలో ఉన్న చమురు గుణం కూడా అదే. ఓఎన్‌జీసీ 1990లో ప్రయోగాత్మకంగానూ, 1997 నుంచి పెద్దయెత్తునా అక్కడ గాలిని బావిలోకి దట్టించి చమురులో కొంత భాగాన్ని లోపలే మండిస్తూ వచ్చింది. వందల డిగ్రీల వేడితో నిప్పు మెల్లగా ముందుకు జరుగుతుంటే, దాని ముందున్న చమురు పలచబడి ఉత్పత్తి బావుల వైపు కదులుతుంది.

చిక్కంతా ఆ నిప్పు కంటికి కనబడకపోవడమే. గాలి సులువైన దారి వెతుక్కుంటుంది. పొర పైభాగాన పరుగెడితే కింది చమురు అలాగే మిగిలిపోతుంది. ఆక్సిజన్ ఉత్పత్తి బావిదాకా చేరితే ప్రమాదం. బావుల్లో ఉష్ణోగ్రత కొలిచినా, గ్యాస్ పరీక్షించినా తెలిసేది ఆ బావి దగ్గరి సంగతే. రెండు బావుల నడుమ ఏం జరుగుతోందో చెప్పగలిగేవి తరంగాలు.

చమురు నిండిన ఇసుకను వేడి చేస్తే అందులో తరంగ వేగం బాగా పడిపోతుందని 1980లలో స్టాన్‌ఫర్డ్‌లో ఏమాస్ నూర్ బృందం ప్రయోగశాలలో చూపింది. టెక్సాస్‌లోని హోల్ట్ పొరలో సాగిన దహనాన్ని త్రీ-డీ సర్వేలతో వెంబడించిన ఫలితాలు 1987లో అచ్చయ్యాయి. సుమత్రాలోని దురీ క్షేత్రంలో 1990లలో ఆవిరి జాడను ఇలాగే పట్టారు.

అయితే వేగం తగ్గిన చోటల్లా నిప్పు ఉందనుకోకూడదు. దహనంలో పుట్టిన గ్యాస్ కొద్దిగా చేరినా, రాతిని నొక్కుతూ సాగే పీ తరంగం నెమ్మదిస్తుంది. వేడి, గ్యాస్ రెండూ ఒకే గుర్తు వేస్తాయన్నమాట. అడ్డంగా ఊగుతూ సాగే ఎస్ తరంగంపై మాత్రం గ్యాస్ ప్రభావం పెద్దగా ఉండదు కాబట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఈ పద్ధతిలో అసలు నైపుణ్యం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ప్రతిధ్వనుల నుంచి రాతి గుణాలను వెనక్కి లెక్కగట్టే ఇన్వర్షన్ విధానంతో ఎన్‌జీఆర్‌ఐకి చెందిన నిమిషా వేదాంతి, టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మృణాల్ సేన్ బాలోల్ దహనం జాడ తీశారు. 2009లో ‘జియోఫిజిక్స్’ పత్రిక దాన్ని ప్రచురించింది.

తెలుగు నేలమీద ఇలాంటి క్షేత్రం లేదు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో దొరికేది ఎక్కువగా గ్యాసు, తేలిక చమురు. అనంతపురం జిల్లా కణేకల్‌లోనైతే హగరి నది ఇసుక మేటల కింద, తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్లు చేరే చెరువు కింద ఉన్నవి అతి ప్రాచీన గ్రానైట్, నైస్ శిలలు. చమురు పుట్టే అవక్షేప పొరలు కావు. ఆ రాతికీ తరంగాలతో పరిచయం ఉంది. 1970లలో ఎన్‌జీఆర్‌ఐ సోవియట్ నిపుణుల సహకారంతో కావలి నుంచి ఉడిపి దాకా, కణేకల్‌కు దక్షిణంగా, దాదాపు 600 కిలోమీటర్ల మేర పేలుళ్లు జరిపి భూపటలం మందం కొలిచింది. ఆ రాయి మనిషి జీవితకాలంలో మారేది కాదు. ఒక్క సర్వే చాలు. బాలోల్ పొర అలా కాదు.

అందుకే అక్కడ మొదటిసారి జియోఫోన్ గుచ్చిన చోటే మళ్లీ గుచ్చాలి. అరచేతిలో ఇమిడే డబ్బా, లోపల అయస్కాంతం, తీగచుట్ట, కింద నేలలో దిగే మేకు: ఇంతే ఆ పరికరం. మేకు వదులుగా దిగినా, మొదటిసారి ఎండిన చేను రెండోసారి తడిసి ఉన్నా తరంగం రాక మారుతుంది. ఆ తేడాను సరిచేయకపోతే పైనున్న తడి, కింద మండుతున్న నిప్పులా కనిపిస్తుంది.