202కీ 302కీ మధ్య ఒక స్లాబు

ఆదివారం పొద్దున్న పదిన్నర. విజయవాడ సత్యనారాయణపురంలో ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. సెల్లారులోకి దిగండి. వాచ్‌మన్ గది దాటగానే అసోసియేషన్ గది. చెప్పులు బయటే వదలండి. రాత్రంతా ఆషాఢపు వాన పడి ఇప్పుడు ఉక్కబోస్తోంది. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి లేదు. మూలకి ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చోండి. మీరు మాట్లాడాల్సిన పనేం లేదు.

కుర్చీలు సర్దుతున్నావిడ ఈ ఏడు ప్రెసిడెంటు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, అందరికీ టీచరుగారు. ఆవిడ కుర్చీలు వేసే తీరు చూడండి. రెండూ బల్లకి ఒకే పక్కన, కాస్త వారగా, ఇద్దరి చూపూ గోడమీది క్యాలెండరు వైపు పోయేలా వేశారు. ఎదురెదురుగా కూర్చోబెడితే కోడిపందెమే.

202 ఆవిడ వచ్చారు, చేతిలో ఫోను. వెనకే 302 ఆయన, చేతులు కట్టుకుని. ఇక్కడ మనుషులకి పేర్లకన్నా ఫ్లాట్ నంబర్లే వాడుక. కోశాధికారి కూడా ఓ పక్కన చేరాడు.

"రెండే రెండు మాటలు," అన్నారు టీచరుగారు. "ఒకరు చెప్పడం పూర్తయ్యేదాకా రెండోవారు ఆగాలి. ఇక్కడ అనుకున్నది వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు. సరేనా?"

ఇద్దరూ తలూపారు. అడిగి తలూపించుకోవడం ఊరికే కాదు. మధ్యలో గొంతులు లేచినప్పుడు ఆవిడ "మనం ఒప్పుకున్నాం కదా" అనగలుగుతారు. తన పెత్తనం వాడక్కర్లేదు.

"మూడు నెలల్నుంచి మొత్తుకుంటున్నానండీ!" 202 ఆవిడ ఫోను బల్లమీద పెట్టారు. వంగి చూడండి. బాత్రూమ్ పైకప్పు. పసుపుపచ్చ మరక, అంచు గోధుమరంగులో మ్యాపులా వంకరటింకరగా ఉంది. మధ్యలో అరచేతి మేర పెచ్చు ఊడి, లోపలి ఇనప కడ్డీ తుప్పుపట్టి కనిపిస్తోంది. కింద ప్లాస్టిక్ బకెట్. "రోజూ పొద్దున లేచి ఈ బకెట్ పారబోయడమే నా పని. ఈయనకి చీమ కుట్టినట్టయినా లేదు."

302 ఆయన నోరు తెరవబోయి, టీచరుగారి వేలు చూసి ఆగారు.

ఇప్పుడు వినండి, అసలు పనితనం ఇక్కడుంది. "అంటే, నెత్తిమీద పెచ్చు పడుతుందేమోనని భయం, మూడు నెలలైనా జవాబు లేదని కోపం. అంతేనా అమ్మా?"

చీమ సంగతి ఎగిరిపోయింది చూశారా? ముల్లు తీసి మాట మిగిల్చారు. ఆ చివర "అంతేనా" అన్నది మర్యాదకోసం కాదు, అది తలుపు తీసి పెట్టడం.

"అంతే కాదండీ," ఆవిడ గొంతు తగ్గింది. "శ్రావణంలో మా అమ్మాయి నిశ్చితార్థం. మగపెళ్లివారు ఇంటికొస్తారు. ఆ పైకప్పు చూపించమంటారా?"

మూడు నెలల మెసేజ్‌లలో ఎక్కడా ఈ మాట లేదు.

302 ఆయన వంతు. "వానకి బయటి గోడ నెమ్ముతోంది. దానికి నా బాత్రూమ్ ఏం చేస్తుంది? గ్రూపులో అందరి ముందూ నా పరువు తీశారు. బాత్రూమ్ మాత్రం పగలగొట్టనివ్వను."

"గోడ సంగతి తేలకుండా నేరం మీమీద పడిందనీ, అదీ నలుగురిలో అనీ మీ బాధ. అంతేనా?" ఆయన అవునన్నారు. పగలగొట్టనివ్వననడం మాత్రం ఆవిడ పట్టించుకోనట్టే ఉన్నారు. నిజానికి కాగితం మీద రాసుకుని దాని కింద గీత గీశారు.

కోశాధికారికి ఓపిక అయిపోయింది. "ఎందుకండీ ఈ నాన్చుడు? ఖర్చు చెరిసగం అని చెప్పేస్తే పోలా?"

నాకు ఈ చెరిసగం అంటే అనుమానం. రచ్చబండ మీద పెద్దమనిషి చేసేది తరచూ ఇదే, చూడ్డానికి ధర్మంగానే ఉంటుంది. కానీ ఇక్కడ సగం డబ్బు పెడితే 302 ఆయన తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, తీసుకుంటే 202 ఆవిడ సగం ఓడినట్టవుతుంది. చెమ్మ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మేరీ పార్కర్ ఫోలెట్ అనే అమెరికన్ ఆవిడ 1925లో తన అనుభవమే ఒకటి చెప్పారు. హార్వర్డ్ లైబ్రరీలో ఒకరికి కిటికీ తెరవాలి, ఈవిడకి మూయాలి. సగం తెరిస్తే ఇద్దరికీ చిరాకే. ఎవరూ లేని పక్క గదిలో కిటికీ తెరిచారు. అవతలివారికి కావాల్సింది గాలి, ఈవిడకి ఉత్తరపు గాలి నేరుగా తగలకపోతే చాలు. ఏం కావాలని కాకుండా ఎందుకు కావాలని అడిగితేనే పక్క గది గుర్తొస్తుంది.

టీచరుగారు కోశాధికారిని టీ తెమ్మని పంపేశారు, 202 ఆవిడని కాసేపు బయట కూర్చోమన్నారు. తలుపు దగ్గరగా వేశారు. ఇలా విడివిడిగా మాట్లాడటం కోర్టు మధ్యవర్తులు కూడా చేసేదే. వాళ్లకి 40 గంటల శిక్షణలో ఇదీ నేర్పుతారు. ఒకరంటే ఒకరికి భయం ఉంటే బయటపడేదీ ఇప్పుడే. అలా బయటపడితే ఈ బల్ల ఎత్తేయాలి. భార్యని కొట్టే ఇంటి గొడవకి ఇలా కుర్చీలు వేసి రాజీ కుదర్చబోవడం తప్పు. ఇక్కడ అలాంటిదేం లేదు.

"పగలగొట్టనివ్వనన్నారు. పగలగొడితే ఏమవుతుందండీ?"

ఆయన క్యాలెండరు వైపు చూస్తూ ఉండిపోయారు. ఫ్యాను చప్పుడే వినిపిస్తోంది. టీచరుగారు ఆ ఖాళీని నింపలేదు. మీరూ నింపకండి.

"నాన్నకి పక్షవాతం వచ్చిందండీ, సంక్రాంతికి. కమోడు, గోడకి పట్టుకునే కడ్డీలు ఉన్నది ఆ బాత్రూమ్‌లోనే. ప్లంబరేమో టైల్సన్నీ లేపాలి, పది రోజులంటాడు. పది రోజులు ఆయన్నెక్కడికి తీసుకెళ్లను?"

"ఇది ఆవిడకి చెప్పొచ్చా?"

"వద్దండీ. జాలి పడతారు."

"మీరు చెప్పమంటే తప్ప నా నోటి వెంట రాదు." ఒక్క క్షణం ఆగి, "కింది వాళ్ల పైకప్పు, మీ నేల ఒక్క స్లాబే కదండీ. ఆ కడ్డీ ఇంకో రెండు వానాకాలాలు తుప్పుపడితే?" అన్నారు.

ఆయన జవాబివ్వలేదు. ఫోటో ఇంకోసారి చూపించమన్నారు.

బయట మెట్లమీద 202 ఆవిడతో మాట అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఏ తేదీకి ఎంత పని అయితే చాలు, అంతే. శ్రావణం రెండో వారానికి నీళ్లు కారకూడదు, పైకప్పుకి రంగు పడాలి. గ్రానైట్లూ వద్దు, నష్టపరిహారమూ వద్దు.

మళ్లీ ఇద్దరూ లోపల. టీ చల్లారింది. 302 ఆయన తనంతట తనే నాన్నగారి సంగతి ఎత్తారు, నేల చూపులు చూస్తూ. అంతా కరిగి కౌగిలింతలు అవుతాయనుకోకండి. ఆవిడ ముఖం ఎర్రబడింది. "మా మామగారికి రెండేళ్లు చేశాను, నాకు తెలియదా అన్నయ్యగారూ? ఆ ముక్క చెప్పకుండా గ్రూపులో 'చేతనైంది చేసుకోండి' అని పెడతారా?"

"పెట్టకుండా ఉండాల్సింది. మీరు ఫోటోలు పెట్టాక నాకూ మండింది."

టీచరుగారు దాన్ని అక్కడే వదిలేసి, ప్లంబరుకి ఫోను కలిపి స్పీకర్‌లో పెట్టారు. అతగాడు చెప్పింది తేలిక. బాత్రూమ్ నీళ్లు పోయే నహానీ ట్రాప్‌కి గుడ్డ బిగించి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, అందులో బట్టల నీలం కలిపి ఒక రోజు ఉంచాలి. కింద నీలం దిగితే బాత్రూమే. దిగకపోతే బయటి గోడ పగుళ్లు చూడాలి, ఆ ఖర్చు అసోసియేషన్‌ది. బాత్రూమే అయితే ముందు ట్రాప్ చుట్టూ మాత్రం తవ్వి, టైల్స్ సందుల్లో ఎపాక్సీ నింపితే రెండు రోజుల పని. అప్పటికీ ఆగకపోతేనే నేలంతా లేపడం, అది నిశ్చితార్థం అయ్యాక.

"పరీక్ష రోజు, ఆ పని రెండు రోజులూ నాన్న..." అని ఆగారు 302 ఆయన.

"మామగారి కమోడు కుర్చీ మా అటకమీదే ఉంది. కడిగించి పంపిస్తాను," అన్నారు 202 ఆవిడ, ఇంకా కోపంగానే.

ఒప్పుకున్నవి టీచరుగారు కాగితం మీద పెట్టిస్తున్నారు. కోశాధికారి మేనల్లుడు లా చదువుతున్నాడట. ఈ కాగితానికి చట్టబద్ధత ఉందా అని మామకి మెసేజ్ పెట్టాడు. టీచరుగారికి తెలుసు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఇరుగుపొరుగు తగాదాలకని సామాజిక మధ్యవర్తిత్వం అనే అధ్యాయం ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటే ముగ్గురు మధ్యవర్తుల ప్యానెల్ కూర్చోవాలని అందులో ఉంది. అక్కడ కుదిరిన ఒప్పందం కూడా కోర్టు డిక్రీలా అమలవదని ఆ చట్టమే చెప్తోంది. ఇక ఈ అసోసియేషన్ కాగితం ఎంత? అందుకే ఇద్దరిచేతా ఒక్కో వాక్యం వాళ్ల మాటల్లోనే రాయిస్తున్నారు. ఎవరు రాసింది వారు మర్చిపోరని ఆవిడ నమ్మకం, నాదీ అదే.

పైకప్పు రంగు ఖర్చు దగ్గర పేచీ మళ్లీ మొదలైంది. నీలం దిగితే నేనే వేయిస్తానంటారు 302 ఆయన, నేను చెప్పిన రంగే అంటారు 202 ఆవిడ, కోశాధికారి టీ గ్లాసులు ఏరుకుంటున్నాడు. ఆ వరస ఖాళీగా వదిలి, పరీక్ష అయ్యాక నింపుదామని రాసి సంతకాలు చేశారు. ప్లంబరు బుధవారం తొమ్మిదింటికి వస్తానన్నాడు. మంగళవారం కొత్త పని పట్టుకోడట.