సూరత్ తీరం: చేపల భవిష్యత్తు వల కన్నులో ఉంది

సూరత్ అనగానే మనకు చీరలు, వజ్రాలు, తెలంగాణ నుంచి వెళ్లి మరమగ్గాల మధ్య స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు గుర్తొస్తాయి. ఆ ఊరికి సముద్రం కూడా ఉందన్న సంగతి చాలామందికి తట్టదు. ఇక్కడికి దగ్గర్లోనే తపతి నది అరేబియా సముద్రంలో కలుస్తుంది. దానికి ఉత్తరాన ఖంభాత్ సింధుశాఖలో వచ్చే ఆటుపోట్లు దేశంలోనే అత్యంత ఎత్తయినవి.

దక్షిణ గుజరాత్ జాలర్లు ఆ పోటునే వాడుకుంటారు. సంచి ఆకారంలో ఉండే డోల్ వలను గుంజలకో లంగర్లకో కట్టి ప్రవాహానికి ఎదురుగా నిలుపుతారు. బాంబే డక్, చిన్న రొయ్యలు నీటితో పాటు కొట్టుకొచ్చి అందులో పడతాయి. వల లాగడానికి డీజిల్ ఖర్చు లేదు, సముద్రగర్భం గీరుకుపోదు. వినడానికి ఇంతకంటే పర్యావరణ హితమైన వేట ఉండదనిపిస్తుంది. చిక్కంతా వల చివరి సంచిలో ఉంది. అక్కడి కన్నులు మరీ చిన్నవి కావడంతో, ఒక్కసారైనా గుడ్లు పెట్టని పిల్లచేపలూ పెద్దవాటితో కలిసి ఒడ్డుకొస్తాయి. వేట సంప్రదాయమైనదైనంత మాత్రాన సముద్రానికి మేలు చేస్తుందనుకోలేం.

ట్రాలర్లది వేరే లెక్క. వాటి వల అడుగు నేలను ఊడ్చుకుంటూ పోతుంది. వల చివరన 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను ఉండాలని గుజరాత్ నిబంధన. చదరమే ఎందుకంటే, వజ్రాకారపు కన్ను లాగుడుకి మూసుకుపోతుంది, చదరపు కన్ను తెరిచే ఉంటుంది, పిల్లచేప జారిపోతుంది. జారిపోయేది ఈరోజు ఆదాయం కాబట్టి ఈ నిబంధన అమలు కష్టం. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంది (మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14). అయితే విరామంలో పెరిగిన పిల్లలను ఆగస్టులో చిన్నకన్ను వలలు తోడేస్తే ఆ విరామం ఫలం చాలావరకు పోయినట్టే.

ఒప్పిస్తే జాలర్లు మారతారనడానికి సౌరాష్ట్ర తీరమే సాక్ష్యం. తిమింగల సొరను ఒకప్పుడు నూనె కోసం, మాంసం కోసం వేటాడేవారు. 2001లో దానికి చట్టరక్షణ వచ్చింది. 2004లో మొరారీ బాపు దాన్ని పుట్టింటికొచ్చిన ఆడపడుచుతో పోల్చి ప్రచారం చేశారు. వలను కోసి దాన్ని వదిలిపెట్టినవారికి ప్రభుత్వం పరిహారం ఇస్తోంది. పిల్లచేపను వదిలినవారికి అలాంటి పరిహారం లేదు.

ఇది మన ఇళ్లను తాకే సంగతి కూడా. వేరావల్ పడవల్లో పని చేసేవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు ఎందరో. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన ఆంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చారు. ఒడ్డు దగ్గర చేప తగ్గేకొద్దీ పడవలు ఆ సరిహద్దు వైపే జరుగుతాయి.